నాగావళిలో పడ్డ అక్క టోపీ

దెయ్యాలనీ మహిమలనీ నేను ఎన్నడూ నమ్మలేదు. ఏడో తరగతిలోనే బడి మానేసి, ఇన్నేళ్లుగా చీకటితోనే గరివిడి రోడ్డు మీద ఇడ్లీ బండి తోసుకెళ్తున్నవాణ్ణి. నన్ను చూసి దెయ్యాలే జడుసుకోవాలి. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, ఎంత ఆలోచించినా అంతు చిక్కకే.

నాకు పాత ఫెడోరా టోపీల పిచ్చి. చుట్టూ అంచు, నడినెత్తిన సొట్ట, దాని కింద రిబ్బను ఉంటాయే, అవి. ఎవరో ఎప్పుడో వాడి వదిలేసినవి ఆన్‌లైన్‌లో కొంటాను. పార్సిల్‌లో అప్పడంలా అణిగిపోయి వస్తాయి. ఇడ్లీ పాత్ర ఆవిరి పట్టిస్తే ఉన్ని మెత్తబడుతుంది, అప్పుడు వేళ్లతో నొక్కి రూపానికి తెస్తాను. ఎండ తగలనివ్వను. కింద పెడితే వెల్లకిలా పెడతాను, లేకపోతే అంచు వంగిపోతుంది. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తాను. "పిల్లలకి కూడా ఇంత సేవ సెయ్యలేదు" అంటుంది మా ఆవిడ.

ఆమదాలవలసలో ఉండే మా అక్కకి కేన్సర్ వైద్యంతో జుట్టంతా ఊడిపోయింది. జబ్బు తగ్గింది గానీ మనిషి గుమ్మం దాటడం మానేసింది. విగ్గు తెచ్చిస్తే దురదని విసిరేసింది. ఇంతలో కూతురి నిశ్చితార్థం వచ్చిపడింది. తాంబూలాలు మార్చుకునే చోట తల్లి లేకపోతే ఎలాగని బావ బతిమాలాడు. లోపల గదిలోనే ఉంటానంది. చివరికి నాకు ఫోన్ చేసింది.

"ఒరే సూరీ, నీ టోపీ ఒకటి ఎట్టుకుంటే బయటికొస్తాను. జనం నా తలకాయ మానేసి దాన్నే సూస్తారు."

"నవ్వుతారే అక్కా."

"నవ్వనీరా. జాలిపడితేనే నాకు ఒళ్లు మంట."

నల్ల ఫెడోరా ఒకటి తెప్పించాను. బావ దారంతో అక్క తల కొలిచి, బొబ్బిలిలో వీణలు చేసే ఆయన దగ్గర మిగిలిన పనస చెక్కతో తలలాంటి దిమ్మ చెక్కించాడు. వాడనప్పుడు టోపీని దాని మీద తొడిగి ఉంచాలని నా సలహా. "తీగలెక్కడ కట్టాలి బాబూ?" అని అడిగాడట ఆయన. దిమ్మ అక్క గదిలో, టోపీ నా దగ్గర. ఊడిన రిబ్బనుని మా ఆవిడ నల్లదారం అయిపోవడంతో ఎర్రదారంతో కుట్టింది.

నిశ్చితార్థం రోజు పొద్దున్న నేనూ మా ఆవిడా రైలెక్కాం. టోపీ నా నెత్తి మీద. నాకది చిన్నది, ఊరికే అలా కూర్చుంది.

"సంచిలో ఎట్టయ్యా, ఎగిరిపోతాది" అంది మా ఆవిడ.

నేను వింటేనా! తలుపు దగ్గర నిలబడి ఫోజులు కొట్టాను. దూసి స్టేషను దాటి నాగావళి వంతెన మీదికి రాగానే గాలి ఒక్క ఊపు ఊపింది. టోపీ గిరగిరా తిరుగుతూ వెళ్లి నీళ్లలో పడింది. నేను చూశాను, మా ఆవిడ చూసింది, తలుపు పక్కన చేపల గంపతో కూర్చున్నామె కూడా చూసింది. "పోన్లే బాబూ, సేపలు ఎట్టుకుంటాయిలే" అంది ఆమె.

మా ఆవిడ తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

అక్కకి ఏం చెప్పాలో తెలియక కాళ్లీడ్చుకుంటూ వెళ్లాం. తీరా చూస్తే అక్క పట్టుచీర కట్టుకుని, వీధరుగు మీద చుట్టాల మధ్య కూర్చుని ఉంది. నెత్తిన నల్ల ఫెడోరా.

"ఏటిరా, టోపీ ఇచ్చీసి మళ్లీ ఎక్కడికి పోయావు?"

"ఎవరిచ్చారే?"

"దిమ్మ మీద ఎట్టి ఉన్నాది. నువ్వు కాపోతే ఇంకెవలెడతారు?"

సర్దుతానని వంకపెట్టి టోపీ రిబ్బను లేపి చూశాను. ఎర్రదారం. మా ఆవిడ వంకర కుట్లు. ఒక్క చుక్క తడి లేదు, కలరా ఉండల వాసన అలాగే ఉంది. మా ఆవిడ ఆ కుట్లు చూసి అరుగు మీద చతికిలబడింది.

ఆ రోజు అక్కని పట్టడం ఎవరి తరం కాలేదు. టోపీతోనే తాంబూలాలు మార్చుకుంది. పెళ్లికొడుకు నాయనమ్మ "ఒక్కపాలి నాకియ్యమ్మా" అని అడిగి మరీ పెట్టుకుని ఫొటో దిగింది. జాలిపడ్డవాడు ఒక్కడూ లేడు. పిల్లలు మాత్రం తమకెప్పుడిస్తారని వరస కట్టారు.

తర్వాత బావకి నిజం చెప్పాను. నమ్మలేదు. అమ్మినాయన్ని అడిగితే అలాంటిది తన దగ్గర ఒక్కటే ఉండేదన్నాడు. ఇంట్లో ఎవరూ దాన్ని తెచ్చి పెట్టలేదు. "అయితే పరీచ్చ సేద్దాం రా" అన్నాడు బావ. నా గోధుమరంగు ఫెడోరా తీసుకుని ఇద్దరం రైలెక్కి, సరిగ్గా అదే వంతెన మీద నదిలోకి వదిలాం. పరుగున ఇంటికొచ్చి గదిలోకి తొంగి చూశాం. నల్లది అక్క నెత్తినే ఉంది, దిమ్మ ఖాళీ.

మొదటిది ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. బావ మాత్రం రోజూ లేవగానే దిమ్మ దగ్గరికి వెళ్తున్నాడట. "వచ్చిందా బావా?" అని ఫోన్ చేస్తే, "ఇంకా దార్లో ఉన్నాదేమోరా" అంటాడు.