సైన్సును జమానతు అడగని బావ

బావ పోయిన కబురు నాకు ఫోనులోనే వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ట్రంకు బోర్డు ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఊరివాళ్ల చావు కబుర్లూ, కాన్పు కబుర్లూ, లగ్గం కబుర్లూ తీగలు కలిపి దాటించడమే పని. అవతల ఎవరు ఏడ్చినా మనం ఏడవకూడదు, "లైన్ మీద ఉండండి" అనాలి. ఆ పొద్దున సూపర్‌వైజరమ్మ వచ్చి నా చెవుల మీది హెడ్‌సెట్టు తన చేత్తోనే తీసి, పక్క గదిలో ఫోను నీకే అంది. చేసింది పాలమ్మ. మాదన్నపేటలో బావ ఇంటి గోడ పక్కనే బర్రెలు పెట్టుకుని వాడకంతటికీ పాలు పోసే ఆవిడ. బావ గిన్నె పట్టుకుని రాకపోయేసరికి తలుపు తోసి చూసిందట. కిరాణా దుకాణం నుంచి మాట్లాడుతూ, "బిడ్డా, సారు లేస్తలేడు. డాక్టరు సాబ్ వచ్చి పానం పోయిందన్నడు" అంది. ఇన్నేళ్ల అలవాటు కదా, నా నోటి నుంచి "లైన్ మీద ఉండండి" అనే వచ్చింది.

బావ అంటే మా అక్క పెనిమిటి. సర్కారు బడిలో సైన్సు చెప్పేవాడు. మేం క్రైస్తవులం. మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. దబీర్‌పురా స్టేషను వెనక గల్లీలో మా ఇల్లు, నేను ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను, ఒక్కదాన్నే. నాకు పెళ్లి కాలేదు, అక్కకు పిల్లలు కాలేదు. అక్క పోయాక మిగిలింది నేనూ బావా. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి పోయి ఇంత వండి, ఇద్దరం తిని, కడుపునిండా వాదించుకుని, పొద్దు వాలకముందే ఇంటికి వచ్చేదాన్ని. మూతులు తిప్పేవాళ్లు తిప్పారు. తిప్పితే వాళ్ల మూతులే నొస్తాయి, నాకేం?

ఆయన అలవాట్లు కొన్ని చెబుతాను. బడి నుంచి రాగానే చేతుల సుద్ద కడుక్కుని గాని బైబిలు ముట్టేవాడు కాదు. బువ్వ ముందు ప్రార్థన మాత్రం చిటికెలో తేల్చేవాడు: "ఇచ్చినవ్, తింటున్నం, ఆమెన్." మా చర్చి సంఘంలో కొందరు పెద్దల ప్రార్థన అయ్యేలోగా కూర గడ్డకట్టేది, అందుకని బావ ప్రార్థన అంటే నాకు మస్తు ఇష్టం. ఇంకొకటి, ఎవరు ఏం చెప్పినా "నీకెట్ల తెలుసు?" అనేవాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేవాడు. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలామెను కూడా వదల్లేదు. వంకాయలు లేతవని నీకెట్ల తెలుసమ్మా అంటే, ఆమె తూకం వేస్తూనే, వండుకుంటే మీకే తెలుస్తది తీయి సారూ అంది. ఆ జవాబు ఆయనకు ఎంత నచ్చిందంటే బడిలో పిల్లలకు కూడా చెప్పాడట.

మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడాది పాలమ్మ గోడ మీదుగా ఒక సందేహం అడిగింది. అంత పైకి పోయినవాళ్లకు దేవుడు ఎక్కడన్నా కనిపించాడా అని. బావ గిన్నె కింద పెట్టి, "వాళ్లు రాళ్లు ఏరుకరానికె పోయిండ్రమ్మా. దేవుణ్ణి దేవులాడనికె పోలే" అన్నాడు. పాలమ్మ, మరి అంత దూరం పోయింది రాళ్లకా అని నవ్వింది. ఆయనా నవ్వాడు.

నవ్వులాట కాని సంగతి ఒకటి ఉంది. ఆ మరుసటి ఎండాకాలం మా సంఘంవాళ్లు మైదానంలో షామియానా వేసి ఉజ్జీవ కూటాలు, అంటే భక్తి సభలు, పెట్టారు. కోస్తా వైపు నుంచి పేరున్న ప్రసంగీకుడు ఒకాయన వచ్చాడు. కంటి బొమ్మా, నక్షత్రాల బొమ్మా గుడ్డ మీద పెద్దగా వేయించుకుని వచ్చి, వీటిని చేసినవాడు ఉన్నాడని సైన్సే ఒప్పుకుంది అని చెప్పాడు. మాలో సాక్ష్యం చెప్పడం అని ఒక ఆచారం. ఎవరైనా లేచి నిలబడి, దేవుడు తనకు ఏం చేశాడో నలుగురిలో చెప్పాలి. చివరి రోజు సైన్సు సారు సాక్ష్యం ఉంటుందని మైకులో ముందే చెప్పేశారు. సైన్సు చదివినవాడే చెబితే ఇక ఎదురేముందని మా పెద్దల లెక్క. అక్క సంబరం చూడాలి. ఆయన తెల్లచొక్కా తనే ఇస్త్రీ చేసి, నన్ను లాక్కుపోయి ముందు వరుసలో చాప మీద కూర్చుంది.

బావ మైకు ముందుకు వెళ్లాడు. అక్కడ అన్న మాటలు ఇవి: "దేవుడు ఉన్నడని సైన్సు జెప్పలే. లేడని గూడ జెప్పలే. గది దాని పనే కాదు. నేను నమ్ముత. నా నమ్మకానికి సైన్సును జమానతు అడగకుండ్రి." అంతే, దిగి వచ్చాడు. నయాపూల్ దగ్గర కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు మా సంఘంలో చాలామందే, జమానతు అంటే ఒకరి కోసం ఇంకొకరు పూచీ పడడమని ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రసంగీకుడు గబగబా పాట ఎత్తుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే నాకు తల కొట్టేసినట్టు ఉంది. నీ మొగుడు చేసిన పనికి నీకు సిగ్గుగా లేదా అని అక్కను అడిగాను. అక్క, "అబద్ధమాడితే సిగ్గుపడుదు. కూర మంచిగ లేకుంటే లేదనే అంటడే, ఆయన నోరే గంత" అంది. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇస్త్రీ చేసిన చొక్కా గుర్తొచ్చి ఉంటుంది.

తరవాత సంఘంలో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే చేసేది చేశారు. చర్చిలో నడిపే ఆదివారం బడిలో పిల్లలకు ఆయన పాఠం చెప్పేవాడు, ఆ పని నెమ్మదిగా ఇంకొకరికి పోయింది. అటు బడిలో తోటి పంతుళ్లు, సైన్సు చెప్పేవాడివి చర్చికెలా పోతావయ్యా అని ఏడిపించేవాళ్లు. సైకిల్ మీద పోతానని జవాబిచ్చేవాడు. సంఘంవాళ్లకు ఆయన నమ్మకం చాలలేదు, పంతుళ్లకు ఎక్కువైంది. మధ్యలో ఆయన ఒంటరి అయ్యాడు. అయినా ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క పాఠం మార్చలేదు.

అక్క పోయిన ఏడాది నవంబరులో సమాధుల పండుగకు ఇద్దరం వెళ్లాం. మా వాళ్లు ఆ రోజు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. బావ సున్నం వేస్తున్నాడు, నేను గడ్డి పీకుతున్నాను. ఉండబట్టలేక అడిగేశాను: "బావా, నువ్వు సదువుకున్నోనివి. నిజం జెప్పు. అక్కను మళ్ల జూస్తమా?"

ఆయన చాలాసేపు కుంచె ఆడించాడు. "తెల్వదు. చూడాలని మస్తుగుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట, తెలుసు అని ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోతుందని అరిచాను. చుట్టుపక్కల సమాధుల దగ్గరివాళ్లు తిరిగి చూశారు. బావ మెల్లగా అన్నాడు, "తెలుసని ఇయ్యాల అంట. నీకు మంచిగనే ఉంటది. రేపటి సంది నేను ఏం జెప్పినా నీకు డౌటే ఉంటది." గడ్డి అక్కడే విసిరేసి వచ్చేశాను. మళ్లీ ఆదివారం వంటకు వెళ్లాననుకోండి, ఎక్కడికి పోతాను?

ఇంకో ఆదివారం పప్పు వడ్డిస్తూ దెప్పిపొడిచాను. తెలియదు తెలియదు అంటూనే మరి ఎందుకు నమ్ముతావు అని. ఆయన కంచం వైపు చూసి, "బువ్వ ముందర కూసుంటే ఎవరికన్న థాంక్స్ జెప్పాలనిపిస్తది. వండినందుకు నీకు జెప్త. మిగిలింది ఎవరికి జెప్పాలె?" అన్నాడు. వారంలో మిగతా రోజులు తనే ఏదో ఉడకేసుకుని ఒక్కడే తినేవాడు, ఆ రోజుల్లో మొత్తం దేవుడికే చెబుతాడన్నమాట. నేను కూడా వారమంతా ఒక్కదాన్నే తింటాను కదా.

బావకు మట్టి ఇచ్చిన మూడో నాడు ఆదరణ కూటం, ఆయన ఇంట్లోనే. పక్క ఇళ్ల నుంచి చాపలు తెచ్చి పరిచారు. పాలమ్మ గడప దగ్గర కూర్చుంది. పాస్టరయ్య కొత్తవాడు, చిన్నవాడు, మంచివాడు. ఆయన మమ్మల్ని ఓదార్చాలని చూస్తున్నాడు, అందులో తప్పేమీ లేదు. ఈ సైన్సు సారు శాస్త్రాలన్నీ చదివి, సృష్టికర్త ఉన్నాడని సైన్సే రుజువు చేసిందని వేలమంది ముందు సాక్ష్యమిచ్చిన ధన్యుడు, ఇప్పుడు భార్యను కలుసుకుని ఉంటాడు అన్నాడు. ఆమెన్ అన్నారందరూ.

నిజం చెప్పనా? ఆ మాట నాకు తేనెలా తగిలింది. సమాధుల దగ్గర అరిచి అడిగినా దొరకని మాట, ఇప్పుడు ఆయన పేరు మీదే నా ఒళ్లో పడింది. నోరు మూసుకుంటే చాలు, అక్కా బావా ఒకచోట ఉన్నారు, నేనూ వెనకాల పోతాను, ఫికర్ లేదు. ఆయన అసలు ఏమన్నాడో గుర్తున్నవాళ్లు ఆ గదిలో పెద్దగా లేరు. ఉన్నవాళ్లు మాట్లాడరు. నాలుగేళ్లు పోతే నేనూ అదే నమ్ముతాను. అప్పుడు తెల్వదన్న ఆ బావ ఇంకెక్కడా ఉండడు.

లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, బావ గట్ల అనలే. సైన్సు జెప్పలే అన్నడు. నాకు గూడ తెల్వదన్నడు. తెల్వకనే దినాం ప్రార్థన జేసిండు."

అంటుంటేనే ఇద్దరినీ ఇంకోసారి మట్టిలో పెట్టినట్టు అనిపించింది. ముందు వరుసలోని పెద్దమ్మ ఒకావిడ జాలిగా నా వైపు తిరిగి, గట్లయితే నీకు భరోసా ఏందమ్మా అంది. నాకు తెల్వదని చెప్పాను. ఎవరో సర్దుబాటుకని పాట ఎత్తుకున్నారు, ఒక్కొక్కరే గొంతు కలిపారు.

నాది మొదటి నుంచీ దురుసు నోరు. నలుగురిలో ఇలా లేచి నిలబడితే అక్క కొంగు పట్టి కూర్చోబెట్టేది. అక్క పోయాక బావ మగవాళ్ల వైపు నుంచి, ఇక చాల్లే అన్నట్టు చిన్నగా దగ్గేవాడు. ఆ రోజు ఎవరూ కొంగు లాగలేదు, ఎవరూ దగ్గలేదు. గదినిండా అందరూ చాపల మీద కూర్చుని పాడుతున్నారు. పాట అయిపోయేదాకా నేనొక్కదాన్నే అట్లా నిలబడి ఉన్నాను.