కవర్ల బాబాయి కీబోర్డు

ఆయన అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంటా బయటా కవర్ల బాబాయే. టీవీ రిమోటుకు కవరు, కళ్లజోడు డబ్బాకు కవరు, ఫ్రిజ్ పిడికి కవరు. సోఫా కొన్ననాడు దాని మీదున్న ప్లాస్టిక్ తొడుగు ఈనాటికీ అలాగే ఉంది. కూర్చుంటే చెమట, లేస్తే చప్పుడు. భార్య ఎప్పుడడిగినా "చుట్టాలొస్తే తీద్దాంలే" అనేవాడు. చుట్టాలు వచ్చారు, పోయారు. పాపం వాళ్లూ చెమటలు కక్కుకుంటూనే కూర్చున్నారు.

టైపు కొట్టడంలో మాత్రం బాబాయిని తలదన్నేవాడు లేడు. మీటింగుల్లో ఎవరేమన్నా, మాట నోట్లోంచి ఊడిపడేలోపే కాగితం మీద ఉండేది. ఆ పేరు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఒక ట్యాబ్లెట్టూ, దానికి తగిలించుకునే కీబోర్డూ చేతికిచ్చి, "సోమవారం మీటింగులో దీనిమీదే కొట్టండి. కుదరకపోతే చెప్పండి, పాత ఫైళ్ల గదికి మారుస్తాను" అంది. ఆ గదికి వెళ్లినవాణ్ణి బల్లులు తప్ప ఎవరూ పలకరించరు.

ఇంటికి తెచ్చి తగిలిస్తే కీబోర్డు ఉలకదు, పలకదు. బాబాయి గుండెలో రాయి పడింది. అన్న కొడుక్కి ఫోన్ చేశాడు.

"ఆపి మళ్లీ ఆన్ చేశావా బాబాయ్?"

"చేశాన్రా."

"ఊడదీసి మళ్లీ పెట్టావా?"

"చేతులు పడిపోయేదాకా పెట్టాను."

"అంచున చిన్న చిన్న చుక్కల్లా ఉంటాయి చూడు, కరెంటు అందేది అక్కడే. తుడిచావా?"

"తుడవడమెందుకురా, అద్దంలా మెరుస్తుంటే!"

మెరవవా మరి! అన్న కొడుకు వచ్చి చూస్తే, కొత్త వస్తువు మీద అంటించి పంపే ప్లాస్టిక్ పొర ఆ చుక్కల మీద చెక్కుచెదరకుండా ఉంది. గోటితో లాగి అవతల పారేశాడు. తెర మీద అక్షరాలు బారులు తీరాయి. బాబాయికి ప్రాణం లేచొచ్చింది, మరుక్షణం మనసు చివుక్కుమంది.

"కొత్తది కదరా! అప్పుడే పీకేశావేంటి?"

వాడు అటు వెళ్లగానే ఇటు ఆ పొర ఏరుకొచ్చి, దారిలో దుమ్ము పడకుండా మళ్లీ అక్కడే అంటించాడు. ఆఫీసులో తీసేస్తే సరి అనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి కవరు తీసిన మనిషైతే కదా, తీయాలని గుర్తుండటానికి!

సోమవారం మేనేజరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బాబాయి వేళ్లు పరుగెత్తాయి. తెర తెల్లగానే ఉంది. అందరి కళ్లూ ఆయన మీదే.

"ఏమైందండీ? కుదరదా?"

"ఒక్క నిమిషం మేడమ్, కవరు..."

కీబోర్డు ఊడదీసి, గోటితో ఆ పొర అంచు పట్టుకున్నాడు. అది రానని మొరాయించింది. చివరికి కళ్లు మూసుకుని పీకేశాడు. గదంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా కొట్టాడు, బల్లుల గది గండం గడిచింది.

బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేశాడు. "బతికిపోయానే! కవరు పీకి పారేశాను, టకటకా పనిచేసింది."

"మీరా? మీ చేత్తోనే?" అని భార్య అడిగిందే మళ్లీ అడిగింది.

సాయంత్రం వచ్చేసరికి సోఫా తొడుగు గుమ్మం పక్కన చుట్టి పడేసి ఉంది. సోఫా నీలంరంగుది. ఆ సంగతే ఆయన మరిచిపోయాడు. భార్య దాని నడిమధ్యన కాళ్లు ముడుచుకు కూర్చుని టీ తాగుతోంది.

బాబాయి కంగారుపడ్డాడు. "ఎవరొస్తున్నారే?"

"ఎవరూ రావట్లేదు" అందావిడ. "నేనున్నాగా."