సెంట్రింగ్ కింద పెదనాన్న

మా చిన్నప్పుడు... డాలస్ పక్కన మా ఊళ్ళో తెలుగువాళ్ళ హాలు కడుతుంటే, ఆరని స్లాబు కింద మడత కుర్చీ వేసుక్కూర్చున్నాడు మా పెదనాన్న. నాకు తొమ్మిదేళ్ళు. ఆయన చేతిలో కాఫీ ఫ్లాస్కు.

పెదనాన్న ఆర్కిటెక్టు. విశాఖ నుంచి చదువుకోడానికొచ్చి, నలభై ఏళ్ళు ఈ దేశంలో లైబ్రరీలు, బడులు, ఒక బస్ స్టేషను కట్టాడు. అన్నీ రంగు వెయ్యని కాంక్రీటు. ఒక్క నగిషీ ఉండదు. "పార్కింగ్ గరాజ్‌లా ఉంది" అని మనవాళ్ళే నవ్వేవాళ్ళు. ఆ హాలు ఆయన ఆఖరిది. మధ్యలో ఒక్క స్తంభం లేని స్లాబు...

అది పోసి వారం కూడా కాలేదు. వానలకి పని వెనకబడింది. ప్రారంభోత్సవం ముహూర్తమేమో ఆ ఆదివారమే. లోపల హోమం చెయ్యాలంటే స్లాబుకి ఆసరాగా నిలబెట్టిన సెంట్రింగ్ పైపులు తీసెయ్యాలి. కమిటీ ప్రెసిడెంట్ అంకుల్ పనివాళ్ళని పిలిపించేశాడు.

"ఇది దాటితే మూఢం సార్! రెండు నెలలు ఆగాలి."

"కాంక్రీటుకి పంచాంగం తెలీదయ్యా. ఇంకో మూడు వారాలు ఆగు."

"అందర్నీ ఇన్వైట్ చేసేశాం సార్, మా పరువేం కాను? తియ్యండయ్యా!"

పెదనాన్న మడత కుర్చీ ఈడ్చుకెళ్ళి సరిగ్గా మధ్యలో వేసుకున్నాడు. "తియ్యండి. నేనిక్కడే ఉంటా."

నేను పరిగెత్తుకెళ్ళాను. "పెదనాన్నా, ప్లీజ్... లెట్స్ గో."

"నువ్వు బయటికి పో బుజ్జీ."

పోలేదు. ఏం చెయ్యాలో తెలీక ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చాను. పనివాడొకడు పైపుకి రెంచి బిగించాడు... కిర్రుమంది. నా జుట్టులో ఇసుక రాలింది. కాఫీ పెదనాన్న తెల్ల చొక్కా మీద ఒలికింది. వేడికి చెయ్యి జారిందేమో అనుకున్నాను. కళ్ళు మూసేసుకున్నాను.

ఠంగుమని చప్పుడు... రెంచి నేల మీద పారేసి బయటికి నడిచాడు ఆ పనివాడు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

హోమం పార్కింగ్ లాట్‌లో జరిగింది. తర్వాత హాలు గోడకి పెట్టిన రాతిపలక మీద దాతలందరి పేర్లూ చెక్కించారు. కట్టినాయన పేరు లేదు. సిగ్గులేని జనం! ఆ తర్వాత ఆయన్నెవరూ ఒక్క గది గీసిమ్మని కూడా అడగలేదు. నాలుగేళ్ళకి పోయాడు. స్లాబు మాత్రం నిక్షేపంగా ఉంది.

నేను కాలేజీకి పోలేదు. కాంక్రీటు పని చూసి, చేసి నేర్చుకున్నా. మొన్న శుక్రవారం మా సైట్‌లో సూపర్‌వైజర్ షెడ్యూల్ లేటయిందని పైపులు తీసెయ్యమన్నాడు. ఆ స్లాబుకి అయిదు రోజులు! దాని కింద పని చేసేది మేం పదకొండు మందిమి. తిట్టాను. వినలేదు. బకెట్ బోర్లించి మధ్యలో కూర్చున్నా.

ధైర్యానికి కాఫీ పోసుకుంటే... మొత్తం చొక్కా మీదే. చేతులు ఆగితేగా! అప్పుడు తెలిసింది... ఆ రోజు పెదనాన్న కాఫీ ఒలికింది వేడికి కాదని.

పైపులు తియ్యలేదు. సోమవారం నాకు పని ఉంటుందో లేదో తెలీదు. భయంగా ఉంది.

అప్పుడు ప్లాను గీసినాయనే వచ్చి కింద కూర్చున్నాడు... ఇప్పుడు గీసినవాడి మొహం కూడా మాకు తెలీదు. మీ నెత్తిమీద కప్పు వేసిన మనిషెవరో మీకు తెలుసా? తెలిస్తే ఆ పేరు కింద రాయండి... ఒక్కచోటైనా ఉండనీ.