పిలాతు నెత్తిన దుర్యోధనుడి కిరీటం

పిలాతు కిరీటం పెట్టుకుని తీర్పు చెప్పాడు. అదీ నేను అద్దెకిచ్చే కిరీటం.

నిరుడు గుడ్ ఫ్రైడేకి రేపల్లె దగ్గర ఒక చర్చి ఆవరణలో నాటకం. తెనాలిలో నాది డ్రస్ కంపెనీ, అంటే నాటకాలకు బట్టలు, నగలు, విగ్గులు అద్దెకిచ్చే కొట్టు. బడి చదువు లేదు నాకు. వయసులో ఉండగా ఒకాయన వచ్చి రోమన్ డ్రస్సుందా అంటే తెల్లమొహం వేశాను. ఆ ఉక్రోషంతో లైబ్రరీలో కూర్చుని రోము చరిత్ర కూడబలుక్కుంటూ చదివాను. చదివింది మర్చిపోలేదు.

ప్రభువుకు సిలువశిక్ష వేసిన రోమన్ గవర్నరు పిలాతు వేషం బాపట్ల రత్నం గారిది. ఏదో సర్కారు ఆఫీసులో అధికారిగా పనిచేసి రిటైరయిన మనిషి. టోగా, అంటే రోమన్లు ఒంటికి చుట్టుకునే కుట్టులేని తెల్లబట్ట, ఆయనకు నా చేత్తోనే చుట్టాను. అటు తిరిగానో లేదో, నా పెట్టెలోంచి దుర్యోధనుడి కిరీటం తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

"తీయండి రత్నం గారూ. పిలాతు రాజు కాదండి."

"గవర్నరేగా బాబాయ్. రాజులాంటోడే."

"లాంటోడేంటండి? రాజు, అదే కైసరు, రోములో ఉన్నాడు. ఈయన ఆయన పంపిన ఉద్యోగి. మరణశిక్ష వేసే అధికారం ఉంది గానీ కుర్చీకి భరోసా లేదు. ప్రభువు తప్పు లేదని తెలిసీ సిలువకెందుకు అప్పగించాడు? వదిలేస్తే నువ్వు కైసరు మనిషివి కాదని జనం అంటారని. అయినా ఆఖరికి పైవాళ్ళు రోముకెళ్ళి సంజాయిషీ చెప్పుకోమన్నారు. ఆ భయమంతా ఈ తళుకుల కింద కప్పెట్టేస్తారా?"

"మీరు మరీ బాబాయ్. భీముడొస్తే గద కూడా ఇద్దురుగాని," అని నవ్వుతూ స్టేజీ ఎక్కేశాడు.

ఈ పాపం నాది కాదని పిలాతు అందరి ముందూ చేతులు కడుక్కునే ఘట్టం వచ్చింది. కిరీటం నిటారుగానే ఉంది గానీ ఆయన కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడిగాడు. పళ్ళెంలో నీళ్ళు టోగా మీద ఒలికాయి. గొప్ప నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమంది కళ్ళ ముందు చరిత్రను తలకిందులు చేస్తే చప్పట్లా?

నాటకం అయ్యాక కొబ్బరినూనెతో ఆయన మొహం మీద రంగు తుడుస్తూ కూడా వదల్లేదు. "తెలియక చేశారా, తెలిసే చేశారా?" అని నిలదీశాను.

ఆయన కిరీటం ఒళ్ళో పెట్టుకున్నాడు. నవ్వలేదు.

"తెలిసే బాబాయ్. నేను ఉద్యోగంలో ఉండగా సముద్రం ఒడ్డున గుడిసెలోళ్ళ తప్పేం లేదని తెలిసే, ఖాళీ చేయించమని సంతకం పెట్టా. పైనుంచి ఫోనొచ్చింది. కిరీటం లేకుండా స్టేజీ మీద ఆ కుర్చీలో కూచుంటే, అక్కడున్నది పిలాతు కాదండి, నేనే."