బీరువా తలుపు తీసిపెట్టిన మనిషి

మా అంగన్‌వాడీ టీచరమ్మగారు పోయిన నెలలో అమలాపురం ఆసుపత్రిలో గుండె ఆగి చనిపోయారు. కబురు వచ్చేసరికి నేను మామిడికుదురు సెంటర్లో ఆటోలో జనాన్ని ఎక్కించుకుంటున్నాను. వాళ్ళని దింపేసి, తిరుగు బేరం ఒప్పుకోకుండా ఖాళీ ఆటోతో ఊళ్ళోకి వచ్చేశాను.

సంతాప సభలో మాట్లాడినవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. చాలా మెత్తని మనిషట. నోట్లో నాలుక లేని మనిషట. నాకు ఒళ్ళు మండింది. మైకు దగ్గరికి వెళ్దామని లేస్తే మా అమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఆవిడ గురించి మాత్రం తప్పు రాయను.

ఆవిడ దగ్గర నేను పలక పట్టుకున్న రోజుల నుంచీ మా వైపు అంగన్‌వాడీ సెంటర్లలో ఒక పద్ధతి ఉంది. పిల్లల కోసం పైనుంచి కిట్టు వస్తుంది. చెక్కముక్కల బొమ్మలు, రంగు పూసలు, బొమ్మల అట్టలు. పెట్టె వచ్చింది వచ్చినట్టే బీరువాలోకి వెళ్ళిపోతుంది. తనిఖీకి ఎవరైనా వస్తే బయటికి తీసి, చాప మీద వరసగా పేర్చి, వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే మళ్ళీ లోపల పెట్టి తాళం వేస్తారు. టీచర్లని అనడానికి లేదు. ఒక్క ముక్క పోయినా జవాబు చెప్పాల్సింది వాళ్ళే. కొన్నిచోట్ల ప్లాస్టిక్ కవరు కూడా చిరగకుండా ఏళ్ళు గడిచిపోయాయి. చెదపురుగులు మాత్రం ఆ బొమ్మలతో బాగా ఆడుకున్నాయి.

మా టీచరమ్మగారు కవరు చింపేశారు. బీరువా తలుపు తెరిచే ఉంచేవారు. పూసలు కొన్ని పిల్లల మెళ్ళో దండలై ఇళ్ళకి వెళ్ళాయి. ఒక చెక్కముక్క పడవై కాలవలో కొట్టుకుపోయింది. తనిఖీకి వచ్చినాయన నీలం ముక్క ఏదని అడిగితే, కాలవలో ఉందండీ, ఈపాటికి సముద్రంలో కలిసుంటుందండీ అని చెప్పారట. ఆయన కోప్పడితే ఆవిడ అన్న మాట మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆడుకుంటే ఒకటో రెండో పోతాయండి. బీరువాలో పెడితే అన్నీ పోయినట్టేనండి."

నోట్లో నాలుక లేని మనిషి అంటే ఇలాగే ఉంటారా?

కిట్టు అరిగిపోయాక ఆవిడ ఊరుకోలేదు. చుట్టుపక్కల టీచర్లు నెలకోసారి మీటింగుకి కలుస్తారు. అక్కడ ఒక మాట పెట్టారు. ప్రతి టీచరూ ఒకే ఒక్క వస్తువు, పిల్లలు ఆడేది, చేతనైనంత బాగా చేసి గోనెసంచిలో వెయ్యాలి. ఆ సంచులు నెలనెలా ఊరు మారాలి. నగరం అనే ఊరి సంచి పాశర్లపూడికి, పాశర్లపూడి సంచి ఆదుర్రుకి. ఎవరూ అన్నీ చెయ్యక్కర్లేదు, అన్ని ఊళ్ళ పిల్లలకీ అన్నీ అందుతాయి. ఒకదానిలో ఒకటి దూరే కొబ్బరి చిప్పలు, పొట్టి నుంచి పొడుగు దాకా కోసిన ఈనెలు, కళ్ళు మూసుకుని తడిమి చెప్పే గుడ్డ పీలికలు.

సంచులు మొయ్యడానికి మనిషి కావాలి. అప్పటికి నేను హైదరాబాదులో ఏసీల పని మానేసి, రొయ్యల చెరువు కాపలా మానేసి, ఈ ఆటో కూడా మానేద్దామా అని చూస్తున్నాను. ఇంట్లో అందరూ నిలకడ లేనివాడని తిడుతుంటే ఆవిడొక్కరే వేరేగా మాట్లాడారు.

"ఒక చోట కుదురుగా ఉండేవోడు నాకెందుకురా? తిరిగేవోడే కావాలి. రేపొద్దున్నే బండేసుకుని రా."

ఆ మీటింగుల్లో ఒక కట్టుబాటు ఉండేది. వస్తువు ఎలా వాడాలో నోటితో చెప్పకూడదు. చేసినావిడ టీచరవ్వాలి, మిగిలినవాళ్ళు మూడేళ్ళ పిల్లలైపోయి కింద కూర్చుని ఆడాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా చాప మీద చతికిలబడి, నాది నాదని చిప్పలు లాక్కునేవారు. నేను గుమ్మం దగ్గర నవ్వుతుంటే నన్నూ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ట్రైనింగులో విన్నది చెవిదాకా వస్తుంది, చేతిదాకా రాదు అనేవారు టీచరమ్మగారు. మనం ఆడనిది పిల్లల చేత ఆడించలేం అనేవారు.

కరవాక నుంచి ఒక కొత్త టీచరు చేరింది. చేపల వేటకెళ్ళే వాళ్ళింటి పిల్ల. మొదటి మీటింగుకి ఖాళీ చేతులతో వచ్చి, మా ఇంట్లో ఏముంటాయండీ, వలలు తప్ప, అని తల దించుకుంది. అవే పట్రమ్మా అన్నారు టీచరమ్మగారు. తర్వాతి నెల ఆ పిల్ల పాత వలల ముక్కలు చట్రాలకి బిగించి తెచ్చింది, పెద్ద కన్నువి, చిన్న కన్నువి. మీద గవ్వలూ ఆల్చిప్పలూ పోసి ఊపితే చిన్నవి జారిపోతాయి, పెద్దవి నిలుస్తాయి. పెద్దా చిన్నా అని చెప్పే పనే లేదు. ఆ రోజు టీచరమ్మగారు వల వదలకుండా ఆడి ఆడి, పక్కావిడ గదమాయిస్తేగానీ ఇవ్వలేదు.

ఆవిడ పోయాక మా సెంటరు బాధ్యత తాత్కాలికంగా ఆ పిల్లకే ఇచ్చారు. సామాను అప్పగించడానికి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. ఆ నెల సంచులన్నీ అక్కడే ఉన్నాయి. వాటిని ఒక మూల పోగేయించి, స్టాకులో లేని సామాను సెంటర్లో ఉండకూడదన్నారు. చిప్పలు పొయ్యిలోకి పనికొస్తాయన్నారు. కొత్త కిట్టు వస్తోంది, బీరువా ఖాళీ చెయ్యమన్నారు.

ఆ సంచులు పొయ్యిలోకి పోతే అన్ని ఊళ్ళలోనూ మళ్ళీ తాళాలే.

"కొత్త కిట్టు పిల్లలకిత్తామాండి, బీరువాలో పెడతామాండి?" అంది ఆ పిల్ల.

"బీరువాలోనేనమ్మా. తనిఖీకి ఉండాలి కదా."

"అయితే ఇయ్యి తియ్యక్కర్లేదండి. ఇయ్యి బీరువాలో ఉండేవి కాదండి."

సంజాయిషీ అడుగుతామన్నారాయన.

"ఆయ్, అడగండి."

నేను అప్పటికే సంచులు ఆటోలోకి ఎక్కిస్తున్నాను. నువ్వెవరివయ్యా అని ఆయన నా వైపు తిరిగారు.

"ఇక్కడే చదువుకున్నానండి. నేను పూర్తిగా చదివిన బడి ఇదొక్కటేనండి."

సంజాయిషీ అడిగారు. ఆ పిల్ల ఇచ్చింది. ఏమీ తేలలేదు, ఏం చేస్తారో తెలీదు. ఆ తర్వాతి మీటింగుకి సంచులు తేవొద్దని ఆఫీసు నుంచి ముందే చెప్పారు. టీచర్లందరూ తెచ్చారు. అందరూ కింద కూర్చున్నారు. టీచరమ్మగారూ, మీరు మాకు వదిలి వెళ్ళింది మెత్తదనం కాదండి.

మొన్న ఆదుర్రు సంచిలో ఒక కొత్త వస్తువు చేరింది, ఆవిడ చూడనిది. రాలిన కొబ్బరి పిందెలకి రంగులు వేసి పంపారు. నేను పక్క ఊళ్ళో సంచి దించుతుండగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి నడిరోడ్డు మీద మూతి విప్పేశారు. ఎర్రవీ పచ్చవీ పిందెలు రోడ్డంతా దొర్లాయి. వెనక నుంచి లారీ వచ్చి హారన్ కొట్టింది. అక్కడి టీచరుగారు కొంగు దోపుకుని లారీకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తారు. డ్రైవరు ఇంజను ఆపేసి, కిటికీ మీద మోచెయ్యి ఆనించుకుని చూస్తూ కూర్చున్నాడు. పిల్లలు వంగి ఏరుతూనే ఉన్నారు. దొరికిన పిందెని దొరికినట్టే మళ్ళీ దొర్లిస్తున్నారు.