సరిత చేతిలో దొరికిన నాడి

దయ్యాలనీ పూనకాలనీ ఎవరైనా మొదలుపెడితే సగంలోనే నవ్వేసే మనిషిని నేను. ఇరవై రెండేళ్లుగా వ్యాయామ టీచర్‌ని. గడియారంతో కొలవలేనిది, పుస్తకంలో రాయలేనిది నేను నమ్మను. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. చెప్పకుండా ఉండడం కూడా నా వల్ల కావడం లేదు!

మాది దంతాలపల్లి. పొద్దున ఆరుకల్లా పిల్లలను గ్రౌండ్‌లో పరుగెత్తిస్తాను. పరుగు ఆగగానే ఒక నిమిషం నాడి, ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టి రాసుకుంటాను. మెషిన్లు లేవు, నా చేతి గడియారంలోని సెకన్ల ముల్లే దిక్కు. ఊపిరి లెక్కపెడుతున్నానని మాత్రం పిల్లలకు చెప్పను. చెబితే వెంటనే బుద్ధిమంతుల్లా మెల్లగా పీలుస్తారు. అందుకని ఇంకా నాడే చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, వాళ్ల ఛాతీ వంక చూస్తూ లెక్కపెట్టేస్తాను.

సరిత పదో తరగతి. వాళ్ల నాయన సోమయ్య ధాన్యం బస్తాలు మోసే హమాలీ. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ పిల్లను పట్టుకునేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. జనగామలో ఎంపిక పోటీలకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. గట్టెక్కితే క్రీడా హాస్టల్లో సీటు, చదువు, తిండి అన్నీ దొరుకుతాయి.

ఆ సోమవారం సరిత అదరగొట్టేసింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేసి చెయ్యి పట్టుకున్నాను. నాడి నలభై రెండు. ఊపిరి నలభై నాలుగు!

లెక్క తప్పాననుకుని రెండో చెయ్యి పట్టుకున్నాను. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్లీ మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్లీ నలభై రెండే. అంతలా రొప్పుతున్న పిల్లకు నూట యాభై, నూట అరవై ఉండాలి కదా? ఆమె మాత్రం నవ్వుతోంది.

"ఏంది మేడం, ఇంకో రౌండ్ ఉరకాల్నా?"

కూర్చోమని అరిచాను. మర్నాడు పరుగు పెట్టించలేదు. ఊరికే కూర్చోబెట్టి, ఇంకో టీచర్ గడియారం అడిగి తెచ్చి మరీ చూశాను. అవే ఖాళీలు, అదే నలభై రెండు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, పిల్లను దవాఖానలో చూపించాల్సిందే అన్నాను. సోమయ్యకు కోపం వచ్చింది.

"మా పొల్లకేమైంది మేడం? లేడి లెక్క ఉరుకుతాంది. నాకు పనున్నది, మీరే తీస్కపోండ్రి."

నేనా వదిలేది? తండ్రి పక్కన లేకపోతే దవాఖానకు తీసుకెళ్లను, దవాఖానలో చూపించకపోతే జనగామకు పంపను అని మొండికేశాను. కూతురి పోటీ మాట రాగానే దిగొచ్చాడు. బుధవారం ముగ్గురం బస్సెక్కి మానుకోట పెద్ద దవాఖానకు వెళ్లాం. దారి పొడవునా గొణుగుతూనే ఉన్నాడు.

అక్కడ సరితకు ఈసీజీ తీశారు. కుర్ర డాక్టరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నిక్షేపంగా ఉందంది. నిమిషానికి డెబ్బై నాలుగు, ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. నేను నా నోటుబుక్కు ముందు పెట్టాను. ఆమె చిన్నగా నవ్వింది.

"మేడం, బొటనవేలుతోని పట్టుకున్నరా? అట్ల పడితే మన నాడే మనకు తగులుతది."

నాకు ఒళ్లు మండిపోయింది. బొటనవేలు పెట్టొద్దురా అని పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని నేను! ఎలా పడతానో చూడండి అంటూ పక్కనున్న చెయ్యి లాక్కున్నాను. అది సోమయ్యది. మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒకటి, రెండు, మూడు. ఖాళీ. నాలుగు, ఐదు, ఆరు. ఖాళీ.

సరిత చేతిలో దొరికిన ఖాళీలే! చెయ్యి వదల్లేదు. నిమిషం పూర్తయ్యేసరికి నలభై రెండు.

డాక్టరమ్మ నా ముఖం చూసి, గబుక్కున అతని రెండో చెయ్యి అందుకుంది. ఆమె నవ్వు ఎటుపోయిందో! ఐదు నిమిషాల్లో సోమయ్య ఈసీజీ బల్ల మీద ఉన్నాడు, సాయంత్రానికి అంబులెన్సులో వరంగల్ దారిలో ఉన్నాడు. గుండెను కొట్టించే కరెంటు మధ్యమధ్యలో తెగిపోతోందట. శుక్రవారం పేస్‌మేకర్ పెట్టారు. ఇంకొన్నాళ్లు బస్తాలు మోసి ఉంటే ఎక్కడో పడిపోయేవాడు, మళ్లీ లేచేవాడు కాదు అని చెప్పారు.

ఆదివారం సరిత జనగామలో పరుగెత్తింది. నాయనే వెళ్లమని పట్టుబట్టాడు. రెండో స్థానం వచ్చింది, సీటు ఖాయమైంది! గీత దాటగానే పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. నూట అరవై నాలుగు. ఒక్క ఖాళీ లేదు. అందరూ చూస్తుండగానే గ్రౌండ్ మధ్యలో నవ్వుతూ ఏడ్చేశాను.

తర్వాత నేనూ ఈసీజీ తీయించుకున్నాను. నాకు ఏ లోపమూ లేదు. రక్తసంబంధం కదా, పోలికలు వస్తాయి అన్నారు కొందరు. అలాగైతే సరిత ఈసీజీలో అవి కనబడాలి కదా? ఆ రెండు రోజుల తర్వాత ఆ పిల్ల చేతిలో ఆ ఖాళీలు మళ్లీ నాకు దొరకలేదు.

సోమయ్య ఇంటికొచ్చాక చూడడానికి వెళ్లి, ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగాను. సరిత దగ్గరలో లేదని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఆ సోమారం పొద్దుగాల్ల బస్తా ఎత్తంగ కండ్లు తిరిగినయి మేడం. అదే మొదలు. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. చెప్తే మా పొల్ల ఉరుకుడు బంద్ వెట్టి కూలికి పోతదని భయపడ్డ."

అతను ఎవరికీ చెప్పలేదు. సరితకు తెలియదు, నాకు తెలియదు. మరి ఆ పొద్దున గ్రౌండ్‌లో నా వేళ్ల కింద కొట్టుకున్నది అతని నాడి ఎలా అయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.