ఆయమ్మా, ఆ కుందేళ్ళూ

పోయిన నెల మా అల్లుడి కారులో హైదరాబాదు నుంచి నందిగామ వస్తూ, గరికపాడు దాటగానే టీ తాగుదామని ఒక ధాబా దగ్గర ఆగాము. లారీల మధ్య నుంచి నడిచి లోపలికి వెళ్తుంటే జనరేటరు గదిని ఆనుకుని ఒక ఇనుప ఊచల బోను, దానికి చుట్టూ చుట్టిన రంగు బల్బులు, లోపల నాలుగు తెల్ల కుందేళ్ళు కనిపించాయి. తెల్లవని నేను అనుకోవడమే గానీ, పొట్ట కింద బొచ్చంతా పచ్చగా అట్టలు కట్టి ఉంది. ఎవరి పిల్లలో ఊచల్లోంచి చిప్స్ తోస్తున్నారు, వాళ్ళ తల్లి ఫోన్‌లో తీస్తోంది. నీళ్ళ గిన్నెలో నీళ్ళు లేవు, ఎండిపోయిన పచ్చడి మెతుకులున్నాయి. కౌంటరులో కూర్చున్నాయన్ని అడిగితే, "పిల్లలు చూడ్డానికి పెట్టామండి" అని నవ్వాడు.

నేనే వెళ్ళి ఆ గిన్నె కడిగి నీళ్ళు పోసి వచ్చాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, ఊరుకోమ్మా, మనకెందుకు అంది. టీ చల్లారిపోయింది గానీ నా కోపం చల్లారలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే, పిల్లలు చూడ్డానికి అనే మాటే, పాతికేళ్ళ పైచిలుకు కిందట జగ్గయ్యపేటలో నేను పనిచేసిన బడి కరస్పాండెంటుగారి నోట విన్నాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఊరూరా ప్రైవేటు బళ్ళు పుట్టుకొస్తున్న కాలం అది. నాకప్పుడు ముప్ఫై నిండలేదు. మా ఆయన నందిగామ కోర్టులో టైపిస్టు. నేను రోజూ పొద్దున్నే బస్సెక్కి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట వెళ్ళి, ఎనిమిదీ తొమ్మిదీ తరగతులకు జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఆ బడి గేటు పక్కన కరస్పాండెంటుగారు ఆరు కుందేళ్ళను తెచ్చి బోనులో పెట్టించారు. కరపత్రం మీద వాటి బొమ్మే, గోడ మీద రాతల పక్కన వాటి బొమ్మే. మొదటి నెల వాటికి క్యారెట్లు కూడా తెప్పించారు. ఆ తర్వాత వాటి సంగతి ఎవరి పనీ కాకుండా పోయింది.

ఎవరి పనీ కాదని నేనంటున్నాను గానీ, ఆ పనిని తన పనిగా చేసుకున్న మనిషి ఒకరున్నారు. గదులు ఊడ్చే ఆయమ్మ. యాభై దాటిన మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు, ఊరి చివర చెల్లెలి ఇంట్లో ఒక వసారాలో ఉండేది. పొద్దున్న వస్తూ కాలవ గట్టు మీద గరిక కోసుకుని కొంగులో మూటగట్టి తెచ్చేది. వాటికి పేర్లు పెట్టలేదు, చెవి నల్లది, కుంటిది, బొద్దుది అని పిలిచేది. ఒంటిపూట బళ్ళప్పుడు బోనుపై గోనెపట్టా తడిపి వేసేది కూడా ఆవిడే. ఆ పట్టా గేటుకు అసహ్యంగా ఉందని కరస్పాండెంటుగారు ఒకసారి తీయించేశారు.

వేసవి సెలవులిచ్చారు. సెలవులు పిల్లలకే. మేము మాత్రం కరపత్రాలు పట్టుకుని ఊళ్ళమీద పడి, ఇల్లిల్లూ తిరిగి, అమ్మా మీ పిల్లాణ్ణి మా బళ్ళో చేర్పించండి అని బతిమాలాలి. ఆయమ్మనూ ఆ పనికే పంపారు, ఊళ్ళవాళ్ళు ఆవిణ్ణి ఎరుగుదురు కనుక. నాకు జ్వరం వచ్చి పది రోజులు వెళ్ళలేకపోయాను. తగ్గి వెళ్ళిన రోజున గేటు తీస్తుంటేనే వాసన కొట్టింది. రేకుల కింద ఆ బోను పొయ్యిలా కాలుతోంది. రెండు చచ్చిపోయి ఉన్నాయి. ఎప్పుడు చచ్చాయో గానీ చీమలు పట్టాయి. మిగిలిన నాలుగూ ఆ రెండింటి పక్కనే పడుకుని, నోళ్ళు తెరుచుకుని, డొక్కలెగరేస్తున్నాయి. చెవుల నిండా గజ్జి పెచ్చులు, బోను అడుగున వేసిన ఇనప వల మీద నిలబడీ నిలబడీ అరికాళ్ళు పుళ్ళు పడి ఉన్నాయి. బోను తాళంచెవి ఆఫీసులో పెట్టుకున్నారనీ, ఆయమ్మను వారం రోజులుగా పొద్దున్నే కారెక్కించి ఊళ్ళకు తీసుకుపోయి చీకటి పడ్డాక దింపుతున్నారనీ తర్వాత తెలిసింది.

నేను తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళాను. ఆయన ఫ్యాను కింద కూర్చుని బోర్డు మీద రాయించాల్సిన మార్కులు చూసుకుంటున్నారు. చెప్పింది విని తలెత్తకుండానే అన్నారు. "పోతే పోయినయ్‌లే మేడం. పిల్లలు చూడ్డానికేగా, జూన్‌లో కొత్తవి తెప్పిద్దాం."

ఆ మాట ఇన్నేళ్ళకీ నాకు మింగుడుపడలేదు. తాళంచెవి ఆయన బల్ల మీదే ఉంది. అడగకుండానే తీసుకున్నాను. ఆ రోజు ఊళ్ళకు వెళ్ళలేదు. కూరగాయల బుట్ట ఒకటి అడిగి తెచ్చుకుని, అడుగున తడిగుడ్డ పరిచి, నాలుగింటినీ అందులో పెట్టుకుని నందిగామ బస్సెక్కాను. కండక్టరు మూత ఎత్తి చూసి, ఏమనబోయాడో నా ముఖం చూసి మానేసి, కిటికీ పక్క సీటులోవాళ్ళను లేపి నన్ను కూర్చోబెట్టాడు.

దిగి ఇంటికి పోకుండా ముందు పశువుల ఆసుపత్రికే వెళ్ళాను. అక్కడి డాక్టరుగారు పెద్దాయన, గేదెలూ ఎద్దులూ తప్ప చూసే పని ఉండేది కాదు. అయినా ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పెట్టుకుని చూశారు. పెరిగి వంకర తిరిగిన ముందు పళ్ళు కత్తిరించారు, గజ్జికి సూది వేశారు, పెచ్చులు నానడానికి నూనె చుక్కలు చెప్పారు. నేను కంగారుగా గ్లాసుతో వాటి నోట్లో నీళ్ళు పోయబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ముందు చెవులు తడపండమ్మా, ఒళ్ళు తడిపి విసరండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో మాత్రం పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతయ్యి. కుందేలైనా మనిషైనా అంతే."

మా అత్తగారు మొదట్లో చాలా గొడవ చేశారు. ఇల్లంతా కంపు, వంటింటి గుమ్మంలో ఈ జీవాలేమిటి అని. రెండోరోజున కుంటిది చచ్చిపోయింది. నేను పెరట్లో గొయ్యి తీస్తుంటే వచ్చి పక్కన నిలబడి, లోపలికి వెళ్ళి తన పాత నేత చీరె చింపి మిగిలిన మూడింటికీ పరుపులు వేశారు. ఆ తర్వాత అసలు పెత్తనం ఆవిడదే అయింది. మధ్యాహ్నం నమాజు చేసుకుని, గోనెపట్టాలు తడిపి కిటికీకి కట్టి, విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. చెవి నల్లది ఏదీ ముట్టకపోతే పశువుల మేతకు వేసే పిల్లిపెసర ఆకు మెత్తగా నూరి, సిరాబుడ్డి ఫిల్లరు వేడినీళ్ళలో కడిగి, బిస్మిల్లా అంటూ చుక్కచుక్కగా పెదవి పక్కన పెట్టేవారు. ఎదురింటివాళ్ళు నవ్వులాటకు, ఏం సాయిబుగారూ, బిర్యానీకి మేపుతున్నారా అని మా ఆయన్ని అడిగితే, లోపల్నుంచి అత్తగారే వచ్చి వాళ్ళకు సమాధానం చెప్పారు. ఆ సమాధానం ఇక్కడ రాయను. ఆదివారాలు ఆయమ్మ జగ్గయ్యపేట నుంచి బస్సులో గడ్డి మోపు తెచ్చేది. వచ్చీ రాగానే వాటి దగ్గర చతికిలబడి, నా తప్పేనమ్మా, ఆ తాళం పగలగొట్టాల్సింది నేను అని ఏడ్చేది. తన తప్పు కాదని ఎంత చెప్పినా ఒప్పుకునేది కాదు. చెవి నల్లది తొమ్మిదో రోజున తనంతట తాను ఒక గరికపోచ అందుకుని, కరకరా నమిలింది. మా అత్తగారు ఆ చప్పుడు వినమని మా ఆయన్ని నిద్రలేపారు.

ఆ మే నెల చివర్లోనే జరిగింది అసలు ఘోరం. నందిగామ దాటాక కీసరకు ఇవతల, మెయిన్‌రోడ్డుకు లోపలగా ఉన్న ఒక పల్లెకు మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆ ఊరి మంచినీళ్ళ బోరు ఎండిపోయి, ట్యాంకరు రెండ్రోజులకోసారి వస్తోందని ఆడవాళ్ళు చెప్పారు. మిట్టమధ్యాహ్నం దాకా తిరిగాం. ఆయమ్మ ఉన్నట్టుండి నన్ను వాళ్ళ చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. గడ్డి కొయ్యాలి పద అంది. ఏమిటి ఆయమ్మా అని చెయ్యి పట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టుంది, ఒక్క చెమట చుక్క లేదు. రెండడుగులు వేసి కూలిపోయింది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

కరస్పాండెంటుగారి కారు వీధి చివరే ఉంది. పరుగెత్తి వెళ్ళి అద్దం తట్టాను. ఆయన అద్దం నాలుగువేళ్ళ మందం దించి విన్నారు.

"కాస్త మజ్జిగ పట్టించండి మేడం, సర్దుకుంటది. నేనింకో రెండూళ్ళు తిరగాలి."

అద్దం పైకి వెళ్ళింది. కారు వెళ్ళిపోయింది. ఇది నేను పెంచి రాయడం లేదు. నాతో వచ్చిన ఇంకో ఇద్దరు టీచర్లు కూడా చూశారు, చూసి తలలు వంచుకున్నారు. వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి, వాళ్ళను నేనేమీ అనను. ఆ మనిషిని మాత్రం ఈనాటికీ క్షమించలేదు, క్షమించాలని ప్రయత్నించనూ లేదు.

వెనక్కి వచ్చేసరికి ఆయమ్మ చుట్టూ జనం మూగారు. ఎవరో మజ్జిగ చెంబు నోటికి పెడుతున్నారు, ఎవరో తాళాల గుత్తి చేతిలో పెడుతున్నారు. నాకు పశువుల డాక్టరుగారి చెయ్యి నా చెయ్యిని పట్టుకున్నట్టే అనిపించింది. చెంబు లాగేశాను. ఏమీ పొయ్యొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒళ్ళంతా తడపండి, విసరండి అని అరిచాను. తడపడానికి నీళ్ళెక్కడివి ఆ ఊళ్ళో అని నాకు ఆ క్షణాన తోచనేలేదు. వాళ్ళకూ తోచలేదు కాబోలు. ఒకావిడ లోపలికి వెళ్ళి తాగేనీళ్ళ బిందె ఎత్తుకొచ్చింది. ఆవిణ్ణి చూసి పక్కింటావిడ, ఆవిణ్ణి చూసి ఎదురింటావిడ. మళ్ళీ ట్యాంకరు వచ్చేదాకా పిల్లలకు తాగడానికి దాచుకున్న నీళ్ళు, బిందెలకు బిందెలు, తామెన్నడూ చూడని మనిషి మీద పోశారు. చీరె కొంగులు తడిపి మెడకూ చంకలకూ చుట్టారు, చేటలతో విసిరారు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే వచ్చే రోజులు కావవి. సిమెంటు బస్తాలు దించి తిరిగి వెళ్తున్న ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. తడి గోనెలు పరిచి ఆయమ్మను ఎక్కించి, దారి పొడుగునా విసురుతూ నందిగామ తీసుకొచ్చాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ సెలైను ఎక్కిస్తూ, తడపకుండా తెచ్చుంటే మనిషి దక్కేది కాదనీ, నోట్లో పోసుంటే ఇంకో ప్రమాదం అయ్యేదనీ, ఇలా చెయ్యాలని మీకెవరు చెప్పారనీ అడిగింది. పశువుల డాక్టరుగారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

మూడోరోజుకు గానీ ఆయమ్మకు మాట తిన్నగా రాలేదు. మొదటి మాటగా, "చెవి నల్లది మేత తింటందా మేడంగారూ?" అని అడిగింది. చేతి వణుకు మాత్రం మిగిలిపోయింది. ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాం. అత్తగారూ ఆవిడా పెరట్లో కూర్చుని, ఆకులు ఏరుతూ, ప్రపంచంలోని కరస్పాండెంట్లందరినీ కలిపి తిట్టుకునేవారు. కరస్పాండెంటుగారు ఒక్కసారి పలకరించడానికైనా రాలేదు.

జూన్‌లో బడి తెరిచారు. గేటు పక్క బోనుకు కొత్త రంగు, లోపల ఆరు కొత్త కుందేళ్ళు. ఆయమ్మ స్థానంలో ఇంకో ఆయమ్మ. కరస్పాండెంటుగారిని అడిగితే, ఆవిడ ఆరోగ్యం బాగాలేదుగా మేడం, మనం మాత్రం ఏం చేస్తాం అన్నారు. బయట తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. నేను గదిలోంచి బయటికి వచ్చి బోను పక్కన నిలబడి, పాత కుందేళ్ళు ఎలా చచ్చాయో, ఆయమ్మ ఎలా పడిపోయిందో, కారద్దం ఎంత దిగి ఎంత లేచిందో, ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, అయినా ఆపలేదు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి ఒకాయన ముందుకొచ్చి, "నిజమేనాండీ?" అని నా వెనకే బయటికి వచ్చిన కరస్పాండెంటుగారినే అడిగాడు. ఆయన వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయారు. వరసలోంచి కొన్ని కుటుంబాలు పిల్లల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాయి. ఎక్కువమంది వెళ్ళలేదు, అదీ చెప్పాలి. మధ్యాహ్నంలోపే నన్ను రావద్దన్నారు. మరుసటి వారానికి ఆ బోను కూడా అక్కడ లేదని విన్నాను. ఆ ఆరు జీవాలు ఎక్కడికి పోయాయో కనుక్కోలేకపోయాను.

మూడు కుందేళ్ళూ మా పెరట్లో ఏళ్ళ తరబడి బతికాయి. ఆయమ్మ వణుకుతున్న చేత్తోనే ఒక సర్కారు బళ్ళో మధ్యాహ్న భోజనాలు వండే పనిలో కుదిరి, చివరిదాకా తన కూడు తను తిన్నది. కొన్నేళ్ళకు నాకూ ప్రభుత్వోద్యోగం వచ్చింది. అత్తగారు లేరు, ఆయమ్మ లేదు, ఆ పశువుల డాక్టరుగారూ లేరు.

ఈమధ్య ఆ పల్లె మీదుగా వెళ్ళాను. ఇంటింటికీ కుళాయి వచ్చింది, మిద్దెలు లేచాయి, ఇనప గేట్లు పడ్డాయి, గేటు లోపల నీళ్ళ క్యాన్లు వరసగా ఉన్నాయి. సంతోషమే, ఆ తల్లులు మోసిన మోత వాళ్ళ కోడళ్ళకు వద్దు. కారు దిగి ఎవరినైనా పలకరిద్దామనుకున్నాను. ఏ గేటు తట్టాలో తెలియలేదు. ఆ రోజు నేను ఆయమ్మతో పాటు ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయాను గానీ, ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ఎండలో నిలబడి మమ్మల్ని చూస్తున్న ఆ ఆడవాళ్ళలో ఒక్కరి పేరైనా అడగలేదు. కోపం తెప్పించినవాడి పేరు మాత్రం ఇంటిపేరుతో సహా నాకు ఇప్పటికీ గుర్తుంది.